విదేశీ సంబంధాల బేరం: రుసుం దళారీకి, నష్టం పెళ్లివారికి

కోల్‌కతా: విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు పుచ్చుకునే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. బ్యాంకు గ్యారంటీ సమర్పించాలి. అభ్యర్థి నుంచి వసూలు చేసే సేవా రుసుం 30 వేల రూపాయలకు మించరాదు. అదే విదేశంలో ఉన్న వరుడికి ఇక్కడి వధువును కుదిర్చిపెట్టి లక్షల్లో ప్రతిఫలం తీసుకునే మధ్యవర్తికి ఈ నిబంధనలేవీ వర్తించవు. పనికి పంపే దళారీపై ఉన్న అదుపు, కోడలిగా పంపే దళారీపై లేదు. అంతర్జాతీయ వివాహ సంబంధాల పేరిట సాగే మోసాలకు ఈ వెలితి బాగా కలిసివచ్చింది.

బెంగాల్ రాజధానిలో ఈ వ్యాపారం రెండు ముఖాలతో కనిపిస్తుంది. ఆదివారం బెంగాలీ పత్రికల్లో పేజీల కొద్దీ వెలువడే ‘పాత్ర-పాత్రీ’ ప్రకటనల్లో విదేశాల్లో స్థిరపడిన వరుడికి దశాబ్దాలుగా ప్రత్యేక గిరాకీ ఉంది. ఆ గిరాకీలో అధిక భాగం ఇప్పుడు వివాహ వెబ్‌సైట్లకు మళ్లింది. మరోవంక దేశంలోని ఇతర ప్రాంతాల వారిని పెళ్లి పేరిటా, పరిచయాల పేరిటా వంచించే ముఠాల కార్యాలయాలు, బ్యాంకు ఖాతాలు కూడా ఈ నగరంలోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోనూ బయటపడుతూ వచ్చాయి. బాధితులూ ఇక్కడే ఉన్నారు, నిందితులూ ఇక్కడే ఉన్నారు.

పరిచయం నుంచి పార్సెల్ వరకు

గత పదిహేనేళ్లలో ఢిల్లీ, ముంబయి, హైదరాబాద్, కోల్‌కతా పోలీసుల ముందుకు వచ్చిన ఫిర్యాదులను పోల్చి చూస్తే, ఊర్లు మారినా కథ దాదాపు ఒక్కటేనని తేలుతుంది. వివాహ వెబ్‌సైట్‌లో ఒక వరుడు ప్రత్యక్షమవుతాడు. లండన్‌లో డాక్టరు, లేదా సముద్రంలోని చమురు బావిపై ఇంజనీరు, లేదా అమెరికాలో సొంత వ్యాపారం. తరచుగా భార్య చనిపోయి, ఒక బిడ్డ ఉన్నవాడు. ఫొటో మరెవరిదో అయి ఉంటుంది. పరిచయమైన రెండు మూడు రోజులకే సంభాషణ వెబ్‌సైట్ నుంచి వ్యక్తిగత ఫోన్‌కు మారుతుంది. దీంతో వెబ్‌సైట్ నిర్వాహకుల పరిశీలనకు ఏదీ అందకుండా పోతుంది.

తొలి వారాల్లో డబ్బు ప్రస్తావనే రాదు. తల్లి ఆరోగ్యం, భారతదేశంలో ఇల్లు కొనే ఆలోచన, పెళ్లి ముహూర్తం వంటి విషయాలే నడుస్తాయి. ఆ తరువాత ఆభరణాలు, ఫోను, విదేశీ నగదు ఉన్న కానుకల పార్సెల్ పంపినట్లు కబురు వస్తుంది. లేదా వరుడే స్వయంగా బయలుదేరాడని తెలుస్తుంది. మర్నాడు విమానాశ్రయం నుంచి ‘కస్టమ్స్ అధికారి’ పేరిట ఫోన్ వస్తుంది. పార్సెల్‌లో విదేశీ కరెన్సీ దొరికిందని, పెద్ద మొత్తం డ్రాఫ్టుతో వరుడు పట్టుబడ్డాడని, సుంకం కట్టకపోతే కేసు పెడతామని చెబుతారు.

మొదట అడిగే మొత్తం వేలల్లోనే ఉంటుంది. అది చెల్లించిన తరువాత కరెన్సీ మార్పిడి రుసుం, ఆదాయపు పన్ను, మనీ లాండరింగ్ లేదన్న ధ్రువపత్రం అంటూ ఒకదాని వెనుక ఒకటి వచ్చిపడతాయి. ఇంతవరకు కట్టింది పోతుందన్న భయంతో బాధితులు నగలు కుదువపెట్టి, భవిష్యనిధి నుంచి తీసి మరీ చెల్లిస్తారు. ఈ పన్నాగంలో బలం అంతా ఈ దశలోనే ఉంది. మొదటి చెల్లింపు ఆశతో జరిగితే, మిగిలినవన్నీ పోయిన డబ్బును రాబట్టుకునే ఆరాటంతో జరుగుతాయి.

వాస్తవానికి భారత కస్టమ్స్ శాఖ వ్యక్తిగత బ్యాంకు ఖాతాలో సుంకం జమ చేయాలని ఫోన్‌లో ఎవరినీ కోరదు. పరోక్ష పన్నులు, కస్టమ్స్ కేంద్ర బోర్డు 2019 నవంబర్ 8 నుంచి తన ఉత్తర ప్రత్యుత్తరాలకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య విధానాన్ని అమలుచేస్తోంది. ఆ సంఖ్య అసలైనదో కాదో బోర్డు వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. విదేశాల నుంచి వచ్చే సొమ్మును విడుదల చేయించుకోవడానికి ముందుగా డబ్బు కట్టాలన్న మాటలను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు సైతం అనేక పర్యాయాలు ప్రజలను హెచ్చరించింది.

వసూలైన సొమ్ము విదేశీ వరుడి ఖాతాకు వెళ్లదు. దేశంలోనే ఏదో ఒక పట్టణంలో విద్యార్థి, చిరుద్యోగి లేదా కూలీ పేరున ఉన్న ఖాతాకు చేరుతుంది. స్వల్ప కమీషన్ ఆశ చూపి తీసుకున్న ఇలాంటి అద్దె ఖాతాల నుంచి నిమిషాల్లో నగదు మరికొన్ని ఖాతాలకు మారుతుంది, లేదా ఏటీఎంల ద్వారా వెలుపలికి పోతుంది. దర్యాప్తు మొదలైనపుడు ముందుగా పోలీసులకు దొరికేది ఆ ఖాతాదారే. పెళ్లి సంగతి తనకేమీ తెలియకపోయినా కేసులో నిందితుడిగా నిలబడవలసి వస్తుంది.

విశాఖ నుంచి కోల్‌కతాకు

కోల్‌కతా శివారు విధాన్‌నగర్‌లోని ఐదో సెక్టారు తూర్పు భారతంలో సాఫ్ట్‌వేర్, కాల్ సెంటర్ల పరిశ్రమకు ప్రధాన కేంద్రం. హిందీ, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడగల యువతీయువకులు ఇక్కడ సులువుగా దొరుకుతారు. చట్టబద్ధమైన సంస్థల పక్కనే నకిలీ కాల్ సెంటర్లు కూడా తలెత్తాయి. వాటిపై పోలీసుల దాడులు ఏళ్ల తరబడి జరుగుతూనే ఉన్నాయి.

తెలుగు పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. విశాఖపట్నం సైబర్ క్రైమ్ పోలీసులు 2019లో ఒక ఫిర్యాదును వెంబడించి కోల్‌కతా వచ్చి, పరిచయాల వెబ్‌సైట్ ముసుగులో నడుస్తున్న కాల్ సెంటర్ సిబ్బందిని అరెస్టు చేశారు. వారిలో అత్యధికులు జీతానికి పనిచేస్తున్న యువతులే. ఫోన్‌లో తీయగా మాట్లాడే గొంతుకు, డబ్బు పోగొట్టుకున్న ఇంటికి మధ్య దాదాపు 900 కిలోమీటర్ల దూరం ఉందని ఆ కేసు తేటతెల్లం చేసింది. ఫిర్యాదు ఒక రాష్ట్రంలో, కార్యాలయం మరో రాష్ట్రంలో, బ్యాంకు ఖాతా ఇంకో రాష్ట్రంలో ఉండటమే ఇలాంటి దర్యాప్తుల్లో జాప్యానికి ముఖ్య కారణం.

సరిహద్దు ఆవల పరిస్థితి కూడా గమనించదగ్గది. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని చైనా రాయబార కార్యాలయం 2025 మేలో తన పౌరులకు ఒక హెచ్చరిక జారీ చేసింది. విదేశీ భార్యను కొనుక్కునే ఆలోచన మానుకోవాలని, సరిహద్దులు దాటి సంబంధాలు కుదిర్చే అక్రమ దళారులకు దూరంగా ఉండాలని, అలా చేస్తే మానవ అక్రమ రవాణా కేసుల్లో చిక్కుకునే ప్రమాదం ఉందని అందులో పేర్కొంది.

ఘటకుల కాలం నుంచీ

మధ్యవర్తి లేకుండా పెళ్లి కుదరడం బెంగాల్‌లో ఒకప్పుడు ఊహకందని విషయం. ఘటకులనే వంశపారంపర్య మధ్యవర్తులు కుటుంబాల వంశావళులను గ్రంథస్థం చేసి ఉంచేవారు. ఎవరు ఏ శాఖకు చెందినవారో, ఎవరితో వియ్యమందవచ్చో చెప్పే అధికారం వారి చేతిలో ఉండేది. తెలుగునాట పెళ్లిళ్ల పేరయ్యకు ఇంతటి పట్టు లేకపోయినా పని మాత్రం అదే.

ఆ రోజుల్లోనూ దళారీతనం దుర్వినియోగం కాకపోలేదు. కులీన బ్రాహ్మణ వరుడికి ఉన్న గిరాకీ వల్ల ఒక్కొక్కరు పదుల సంఖ్యలో పెళ్లిళ్లు చేసుకుని, భార్యలను పుట్టిళ్లలోనే వదిలి, వచ్చినపుడల్లా కట్నకానుకలు పుచ్చుకుని పోయేవారు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1871లో బహుభార్యాత్వంపై వెలువరించిన పుస్తకంలో హుగ్లీ జిల్లాలోని అటువంటి వరుల పేర్లు, వయసులు, భార్యల సంఖ్యలను పట్టికగా ప్రకటించారు. వారిలో ఒకరికి 80 పెళ్లిళ్లు జరిగాయి. చట్టం తేవాలన్న విద్యాసాగర్ కోరికను నాటి ప్రభుత్వం మన్నించలేదు. హిందువుల్లో బహుభార్యాత్వాన్ని దేశవ్యాప్తంగా నిషేధించడానికి 1955 నాటి హిందూ వివాహ చట్టం వరకు ఆగవలసి వచ్చింది.

ఆంధ్ర తీరంలో ఇదే కాలంలో బేరం మరోరకంగా సాగింది. అక్కడ అమ్ముడుపోయింది వధువు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్క వివాహాల లెక్కను గురజాడ అప్పారావు తన నాటకం 1897 నాటి ముద్రణకు రాసిన ఇంగ్లీషు పీఠికలో ఉదహరించారు. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్న సామెత తెలుగువారికి ఉంది. ఆ అబద్ధాలకు ధర కట్టి అమ్మేవారు ప్రతి తరంలోనూ పుట్టుకొచ్చారు.

చట్టం చూడని ఒప్పందం

డబ్బు తీసుకుని పెళ్లి కుదిర్చే ఒప్పందాన్ని భారత న్యాయస్థానాలు మొదటినుంచీ అంగీకరించలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద అటువంటి ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధమని, కాబట్టి చెల్లదని మద్రాసు హైకోర్టు 1893లో తీర్పు చెప్పింది. కలకత్తా హైకోర్టు 1911లో అదే వైఖరి తీసుకుంది. వివాహం వ్యాపార వస్తువు కారాదన్నది ఈ తీర్పుల సారాంశం.

ఉద్దేశం మంచిదే అయినా ఫలితం వేరుగా ఉంది. ఒప్పందం చెల్లదు కాబట్టి దాన్ని అమలుచేయాలని మధ్యవర్తీ కోరలేడు, అతని మాట నమ్మి నష్టపోయిన కుటుంబమూ కోరలేదు. చట్టం గుర్తించని వ్యాపారం కావడంతో దానికి లైసెన్సు, తనిఖీ, రుసుం పరిమితి వంటివి ఏర్పడలేదు. ఇచ్చిన సేవలో లోపం ఉందన్న కారణంపై కొన్ని వినియోగదారుల కమిషన్లు వివాహ సంస్థల చేత రుసుం వాపసు ఇప్పించాయి. అయితే ఆ పరిహారం సాధారణంగా కట్టిన రుసుం, దానిపై వడ్డీ, కొద్దిపాటి ఖర్చులను దాటదు. మోసపోయిన పెళ్లికి అయిన వ్యయంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

వివాహ వెబ్‌సైట్ల విషయంలో కేంద్ర ప్రభుత్వం 2016 జూన్‌లో మార్గదర్శకాలు జారీ చేసింది. సభ్యుల గుర్తింపు పత్రాలను సరిచూడాలని, వెబ్‌సైట్‌ను వివాహానికే తప్ప ఇతర పరిచయాలకు వాడబోమని హామీ తీసుకోవాలని, మోసాల గురించి హెచ్చరికలు ప్రముఖంగా ప్రదర్శించాలని అందులో సూచించింది. ఇవి సూచనలే తప్ప లైసెన్సు విధానం కాదు. వీధి చివర గదిలో రిజిస్టరు పెట్టుకుని విదేశీ సంబంధాలు చూసే బ్యూరోకు అవి అసలే వర్తించవు.

క్రిమినల్ చట్టం మాత్రం అందుబాటులో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వంచనను 318వ సెక్షన్ శిక్షిస్తుంది. భార్య బతికి ఉండగా ఆ సంగతి దాచి మరో పెళ్లి చేసుకోవడం 82వ సెక్షన్ కిందకు వస్తుంది. కంప్యూటర్ సాధనాలతో మరొకరిలా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం 66-డి సెక్షన్ ప్రకారం నేరం. అయితే ఇవన్నీ నష్టం జరిగిన తరువాత పనికివచ్చేవే.

పెళ్లి నిజం, వరుడి మాట అబద్ధం

ఫోన్‌లోనే ముగిసే మోసంలో పోయేది డబ్బు. పెళ్లి నిజంగానే జరిగి, వరుడు చెప్పినవి అబద్ధాలైనప్పుడు పోయేది జీవితం. ఉద్యోగం, వీసా, ఇంతకుముందు జరిగిన పెళ్లి, విడాకులు అన్నింటా దాపరికం ఉన్న ఉదంతాలు న్యాయస్థానాల రికార్డుల్లో చాలా ఉన్నాయి.

వాటిలో తెలుగువారి కేసు ఒకటి దేశమంతటికీ ప్రమాణంగా నిలిచింది. 1975లో తిరుపతిలో వివాహం చేసుకున్న ఒక వ్యక్తి అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నారు. మొదటి భార్య ద్విభార్యాత్వం కేసు పెట్టారు. మిస్సోరి కోర్టు తీర్పు భారతదేశంలో చెల్లదని సుప్రీంకోర్టు 1991 జూలైలో ప్రకటించింది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణంపైనే, భార్యకు తన వాదన వినిపించే నిజమైన అవకాశం దొరికినప్పుడే విదేశీ విడాకులను గుర్తిస్తామని స్పష్టం చేసింది. ప్రవాస భారతీయుడు ఇక్కడ చేసుకున్న పెళ్లిని విదేశీ కోర్టు రద్దు చేయకుండా చట్టం తేవాలని 1994లో మరో కేసులో అదే న్యాయస్థానం సూచించింది.

హైదరాబాద్ పాతబస్తీ అనుభవం మరింత చేదైనది. 1991లో పదేళ్ల ప్రాయపు బాలికను పెళ్లి పేరిట తీసుకుపోతున్న అరవై ఏళ్లు పైబడిన సౌదీ జాతీయుడిని, విమాన పరిచారిక అప్రమత్తత వల్ల ఢిల్లీలో పోలీసులు నిర్బంధించారు. ఇరవై ఆరేళ్ల తరువాత, 2017 సెప్టెంబర్‌లో ఒమన్, ఖతార్ దేశాల నుంచి వచ్చిన షేకులను, వారికి పెళ్లిళ్లు జరిపించిన ఖాజీలను, దళారులను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేయవలసివచ్చింది. దేశాన్ని కదిలించిన కేసు తరువాత కూడా దళారుల వ్యవస్థ చెక్కుచెదరలేదన్నమాట.

ప్రవాస వివాహాల ఫిర్యాదులను సమన్వయపరిచే బాధ్యత 2009లో జాతీయ మహిళా కమిషన్‌కు అప్పగించారు. ప్రవాస భారతీయుడి పెళ్లిని 30 రోజుల్లో రిజిస్టర్ చేయాలని, లేనిపక్షంలో పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చని ప్రతిపాదించే బిల్లును 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టారు. ఐదేళ్లు గడిచినా అది చట్టం కాలేదు. అటువంటి వివాహాలకు సమగ్ర చట్టం అవసరమని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో తన 287వ నివేదికలో సిఫారసు చేసింది. అయితే ఈ ప్రయత్నాలన్నీ వరుడిని లక్ష్యంగా చేసుకున్నవే. మధ్యవర్తిని బాధ్యుడిని చేయడంపై వీటి దృష్టి పడలేదు.

ఇతర దేశాల దారి

మధ్యవర్తి విషయంలో కొన్ని దేశాలు నిషేధాన్ని, కొన్ని నియంత్రణను ఎంచుకున్నాయి. ఫిలిప్పీన్స్ 1990లో చేసిన చట్టం తమ దేశ స్త్రీలను విదేశీయులకు సంబంధాల పేరిట చూపి వ్యాపారం చేయడాన్ని నేరంగా ప్రకటించింది. చైనా 1994 నుంచి విదేశీ వివాహాల దళారీ వ్యాపారాన్ని అనుమతించడం లేదు. అయినా 2019లో పాకిస్తాన్‌లో పేద కుటుంబాల బాలికలను చైనీయులకు పెళ్లి పేరిట విక్రయించిన ముఠాలు బయటపడ్డాయి. ఫైసలాబాద్ కోర్టులో 31 మంది చైనా జాతీయులు అదే ఏడాది నిర్దోషులుగా విడుదలయ్యారు. నిషేధం ఒక్కటే వ్యాపారాన్ని ఆపలేదని ఈ ఉదంతం చాటింది.

అమెరికాలో 1995లో ఫిలిప్పీన్స్ యువతి ఒకరు సియాటిల్ న్యాయస్థాన భవనంలోనే భర్త చేతిలో హతులయ్యారు. 2000లో కిర్గిజ్ యువతి హత్య జరిగింది. వీటి ప్రభావంతో వచ్చిన 2005 నాటి చట్టం, విదేశీ స్త్రీ చిరునామాను గ్రాహకుడికి ఇచ్చేముందు అతని నేరచరిత్రను, పూర్వ వివాహాలను ఆమెకు తెలియజేసి, రాతపూర్వకంగా సమ్మతి పొందాలని మధ్యవర్తిని ఆదేశిస్తోంది. లాభాపేక్ష లేని సంప్రదాయ, మత సంస్థలకు ఇందులో మినహాయింపు ఉంది.

దక్షిణ కొరియా 2007లో వివాహ మధ్యవర్తుల నియంత్రణకే విడిగా చట్టం చేసి, నమోదును తప్పనిసరి చేసింది. 2010లో బుసాన్ నగరంలో కాపురానికి వచ్చిన ఎనిమిది రోజులకే ఒక వియత్నాం వధువు భర్త చేతిలో హతురాలైంది. అతని మానసిక రోగం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత నిబంధనలు మరింత కఠినమయ్యాయి. వధూవరుల ఆరోగ్యం, నేరచరిత్ర, వైవాహిక స్థితి వివరాలను పరస్పరం అర్థమయ్యే భాషల్లో అందించడం మధ్యవర్తి విధి అయింది. నిజం చెప్పే బాధ్యతను రుసుం తీసుకున్నవారిపైనే మోపడం ఈ చట్టంలోని విశేషం.

కుటుంబాలు చేయగలిగింది

భారతదేశంలో ఆ బాధ్యత ప్రస్తుతానికి ఆడపెళ్లివారి మీదనే ఉంది. వరుడి పాస్‌పోర్టు, వీసా నకళ్లు, ఉద్యోగ నియామక పత్రం, ఇటీవలి పన్ను పత్రాలు అడిగి తీసుకోవడంలో మొహమాటం పనికిరాదు. కంపెనీకి నేరుగా, అది స్వయంగా ప్రకటించిన నంబరుకే ఫోన్ చేసి విచారించాలి. ముందొక పెళ్లి జరిగి ఉంటే విడాకుల తీర్పు నకలు చూడాలి. ముఖాముఖి కలుసుకోకుండా, బంధువుల ఊరిలో విచారించకుండా ఫోన్‌లోనే నిశ్చయం చేసుకోరాదు. పెళ్లిని ఇక్కడే జరిపి, వెంటనే రిజిస్టర్ చేయించి, ధ్రువపత్రం నకలును వధువు పుట్టింట భద్రపరచాలి. మధ్యవర్తికి ఇచ్చే ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. ఒప్పందం చెల్లకపోయినా వంచన కేసులో అది సాక్ష్యంగా నిలుస్తుంది.

డబ్బు పోయినట్లు గ్రహించిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారేలోపు ఫిర్యాదు అందితే బ్యాంకులు దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది. మోసంతో జరిగిన పెళ్లిని రద్దు చేయాలని కోరడానికి కూడా గడువుంది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మోసం తెలిసిన నాటినుంచి ఏడాదిలోగా దావా వేయాలి. తెలిసిన తరువాత కూడా ఇష్టపూర్వకంగా కాపురం కొనసాగిస్తే ఆ హక్కు పోతుంది. పరువు పోతుందని నలుగురికీ తెలియకుండా సర్దుకుపోదామనుకునే కుటుంబాలు ఈ ఏడాదినే ఎక్కువగా పోగొట్టుకుంటున్నాయి.